లెక్క

రికార్డరు బల్ల మీద పెట్టి అడిగావు కదా మొమ్చిల్,
నియంత లేకుండా సమసమాజం వస్తుందా అని.
నాకు సిద్ధాంతం రాదు.
నేను చేతులు లెక్కపెట్టేదాన్ని.

ఆర్దా ఒడ్డున పొగాకు గోదాములో
నూట నలభై నాలుగు మందిమి.
ఆకు ఏరి ఏరి వేళ్ళు మాడిన రొట్టె రంగుకు తిరిగేవి,
సబ్బుకు లొంగేవి కావు.
సమావేశంలో ఆ చేతులన్నీ లేస్తే
ఏది ఎవరిదో పోల్చుకోలేం.
అందుకే నన్ను బెంచీ ఎక్కించారు,
అందరికన్నా చిన్నదాన్ని, చూపు మంచిది.

మొదటి చలికాలం సంగతి చెప్తాను.
యజమాని పారిపోయాడు. కొత్త యజమాని ఇంకా రాలేదు.
(కొత్తవాడు ఒకడుంటాడని అప్పటికి తెలీదు.)
పదకొండు వారాలు.
చిక్కుడుగింజల చారు ఒకే గుండిగలో ఉడికేది.
గరిటె రోజుకొకరి చేతిలో,
గరిటె పట్టినవాళ్ళు చివర తినాలి. అదొక్కటే మా రాజ్యాంగం.
నా వంతు రోజు అడుగున మిగిలింది
రెండు గింజలు, కాస్త మాడు.
అంత రుచి మళ్ళీ ఎరగను.
నిజం చెప్పాలంటే ఆకలీ తీరలేదు.

గ్రుయో అని ఒకడు, కంచరగాడిదలు తోలేవాడు.
ఎడ్డెమంటే తెడ్డెమనే రకం.
కిటికీలకు ఏ రంగన్నా వ్యతిరేకం,
అసలు రంగే వద్దన్నా వ్యతిరేకం.
వాడి మూలాన సమావేశం అర్ధరాత్రి దాటేది.
పిల్లలు ఒళ్ళోనే నిద్రపోయేవాళ్ళు, కాళ్ళు కొయ్యబారేవి,
నేను మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టేదాన్ని:
అరవై తొమ్మిది, డెబ్భై, ఆగు,
నీదెత్తావా, దించావా?

తర్వాత నగరం నుంచి తోలుసంచితో ఒకాయన వచ్చాడు.
మంచివాడే. చెడ్డవాడని రాసుకోకు,
రాసుకుంటే నీ పని మరీ తేలికవుతుంది.
పిల్లలకు మందులు తెచ్చాడు.
ఆకు తూకంలో దొంగలెక్క పట్టుకున్నాడు.
రోజుకొకరంటే టైము దండగ,
గరిటె నాకివ్వండి, యుద్ధపు దెబ్బలు మానేదాకా, అన్నాడు.
అలిసిపోయి ఉన్నాం. ఇచ్చాం.
వడ్డించేవాడు మనవాడేలే అని
కడబంతిలో ధీమాగా కూర్చున్నాం.
ఆయన చివర తినడం ఎప్పుడు మానేశాడో
ఎవరమూ చూడలేదు.
గ్రుయో చూశాడు. చూసి ఊరుకోలేదు.

గ్రుయోని పంపెయ్యాలన్న తీర్మానం
మార్చిలో, వాన పడుతున్న రోజు.
తుపాకులేం లేవు. తలుపు దగ్గర ఎవడో కొత్తవాడు,
టోపీ తియ్యకుండా. అంతే.
బెంచీ ఎక్కాను.
నూట నలభై మూడు.
అంత సులువైన లెక్క నా జన్మలో చెయ్యలేదు.
లేవని చెయ్యి ఒక్కటే,
పగ్గం ఒరుసుకున్న గీతతో, మోకాలి మీద.
వాడు నన్ను కోపంగా చూడలేదు.
లెక్క తప్పుతానేమో అన్నట్టు చూశాడు.

ఆ నూట నలభై మూడులో నాదీ ఉంది.
ఎడమ చేతిలో పెన్సిలు, కుడి చెయ్యి పైన.
నా చెయ్యి నేనే లెక్కపెట్టాను.

ఆ తర్వాత సమావేశాలు పావుగంటలో అయ్యేవి.
తొందరగా ఇంటికెళ్ళి తడిసిన బూట్లు ఆరబెట్టుకునేవాళ్ళం.
అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది.
కొన్నాళ్ళకు నన్ను బెంచీ ఎక్కొద్దన్నారు,
అంకె ముందే టైపు చేసి వచ్చేది.

వస్తుందా అంటే ఏం చెప్పను?
వచ్చింది, పదకొండు వారాలు, నేను తిన్నాను.
రాదని ఎలా అనను?
నిలిచిందని ఏ నోటితో అనను?
మళ్ళీ ఎక్కడైనా గుండిగ పొయ్యెక్కిస్తే
విసుగు పుట్టించే ఆ మనిషికి
పొయ్యి పక్కనే చోటుంచండి.
వాడు మాట్లాడుతుంటే నిద్రొస్తుంది, నిద్రపోండి,
లేచాక మాత్రం అడగండి, ఏమన్నాడని.
ఇంతకన్నా తెలీదు. దీనికీ హామీ ఇవ్వను.

రికార్డరు ఆపబోయి ఆగావు.
ఇంకో ప్రశ్న ఉందని
బడిపిల్లాడిలా చెయ్యెత్తావు.
పాత అలవాటు, ఏం చెయ్యను,
నా పెదవులు వాటంతటవే అన్నాయి:
ఒకటి.